మూడు రోజులు ఆగమన్నందుకు

కార్టర్స్ మిల్, మిస్సోరీ
ఆగస్టు 11, సోమవారం

సలోమక్కా,

నువ్వు చెప్పినట్టే దోసకాయలు సీసాల్లో పెట్టాను. రెండు సీసాలకి మూతలు బిగుసుకోలేదు, వాటిని ముందు తినేస్తున్నాం. కోళ్ళు బాగున్నాయి. తెల్లది మాత్రం గుడ్లు ఎక్కడ పెడుతోందో ఇంకా దొరకలేదు.

ఇంతవరకు రాసి మడిచేద్దామనుకున్నాను. అసలు సంగతి రాయకపోతే నా మనసు కుదుటపడదు. ఎనిమిదో తరగతితో బడి వదిలినదాన్ని, సరిగ్గా చెప్పగలనో లేదో. కరెంటూ ఇంట్లో ఫోనూ లేకుండా బతికే మన ఆమిష్ సంఘంలోంచి బాప్తిస్మం తీసుకోకముందే బయటికొచ్చాను కాబట్టి నాకు వెలి లేదు, నీకు రాస్తే ఎవరూ తప్పు పట్టరు. లేకపోతే ఇది చెప్పుకోవడానికి నాకెవరున్నారు?

మా ఆయన వేడ్ ఫోనులో మా కౌంటీ కబుర్లు వచ్చే చోటు ఒకటుంది. ఒకరు ఏదైనా రాస్తే దాని కింద మిగతావాళ్ళు జవాబులు రాస్తారు. పోయిన మంగళవారం అక్కడ ఒక ప్రశ్న వేశారు. చేతి తుపాకి కొన్నవాళ్ళు మూడు రోజులు ఆగాకే దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలని చట్టం రావాలా, వద్దా అని. వేడ్ కలప మిల్లు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా కూర్చుని రాశాడు. రాసింది నాకు చదివి వినిపించాడు.

"నా దగ్గర చేతి తుపాకి ఉంది. ఇకముందూ ఉంటుంది. కానీ మూడు రోజులు ఆగమంటే ఆగుతాను. మా తమ్ముడు కర్టిస్ మంగళవారం కొన్నాడు. బుధవారానికి వాడు లేడు. శుక్రవారం దాకా ఆగి ఉంటే వాడి మనసు మారేదేమో."

అంతే అక్కా. నాకు మంచి మాటలాగే అనిపించింది. తెల్లారేసరికి మూడు వందల జవాబులు. ఒకడు "ద్రోహీ, మా తుపాకులు లాక్కోవడానికి సర్కారుకి తాళం చెవి ఇస్తున్నావా" అన్నాడు. ఇంకొకామె "తమ్ముడు పోయినా సొరుగులో ఇంకోటి దాచుకున్నావు, సిగ్గులేదా" అంది. ఇటువాళ్ళూ తిట్టారు, అటువాళ్ళూ తిట్టారు. వేడ్ ప్రతి ఒక్కరికీ జవాబు రాస్తూ కూర్చున్నాడు. కూర చల్లారిపోయింది.

నిన్న ఒకడు మా ఇంటి ఫొటో పెట్టాడు. కింద "మీ ఎర్ర పోస్టు డబ్బా బాగుంది" అని రాశాడు. దానికి మాత్రం వేడ్ జవాబు రాయలేదు. లేచి వెళ్ళి కిటికీ తెర లాగేశాడు.

భయంగా ఉంది.

నీ చెల్లెలు
ఆర్ఫా


హోమ్స్ కౌంటీ, ఓహైయో
ఆగస్టు 16

చిట్టి ఆర్ఫాకి అక్క దీవెనలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావకీ చదివి వినిపించాను. మొక్కజొన్న కోతల్లో ఉన్నాం, చేతులు పగిలిపోయాయి. చిన్నది మిరియమ్ నిన్న సబ్బు కొరికింది.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఆ మూడు వందల మందీ మీ ఊళ్ళోనే ఉంటారా? మీది చిన్న ఊరన్నావే! మా మరిది అందరితోనూ ఒకేసారి ఎందుకు తగవు పెట్టుకున్నాడు? మనవాళ్ళలో ఇద్దరికి మాట పడకపోతే మూడోవాడు మధ్యలో కూర్చుని కాఫీ తాగుతాడు, అంతటితో సరి. అక్కడ ఆ మూడోవాడు ఎవరూ లేరా?

పోస్టు డబ్బాని మెచ్చుకున్నాయన మాత్రం నాకు మంచివాడిలాగే కనిపిస్తున్నాడు. ఆ ఎర్రరంగు నిజంగానే బాగుంటుంది, మీ ఇంటికి వచ్చినప్పుడు మీ బావ కూడా అన్నాడు. ఆయన ఎవరో కనుక్కుని ఒక గిన్నెడు సూపు పట్టుకెళ్ళి ఇవ్వు. గిన్నె తిరిగివ్వడానికి వాళ్ళావిడ ఎలాగూ వస్తుంది. మళ్ళీ మాటలు మొదలవుతాయి.

తెల్లకోడి కట్టెల గుట్ట వెనక పెడుతోందేమో చూడు.

సలోమా


ఆగస్టు 22, శుక్రవారం

సలోమక్కా,

కట్టెల గుట్ట వెనకే పెడుతోంది. పదకొండు దొరికాయి. ఆ గుడ్ల వల్లే ఏం జరిగిందో చెబుతాను.

ముందు ఇది విను. వాళ్ళు మా ఊరివాళ్ళు కాదు. ఎక్కడివాళ్ళో తెలియదు. అసలు పేర్లు పెట్టుకోరు, మొహాలకి బదులు గద్దబొమ్మలు, పుర్రెబొమ్మలు పెట్టుకుంటారు. సూపు ఎవరికి పట్టుకెళ్ళను? డబ్బా బాగుందనడం మెచ్చుకోవడం కాదక్కా. "నీ ఇల్లెక్కడో నాకు తెలుసు" అని చెప్పడం. వేడ్ ఆ రోజే డబ్బాకి బూడిదరంగు వేసేశాడు, ఫోను నంబరు మార్చేశాడు.

సొరుగులో మేజోడులో చుట్టి ఉండే తుపాకి ఇప్పుడు అతని నడుముకి ఉంటోంది. భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంటున్నాడు. మన నాన్న జింకల తుపాకి తలుపు మీద ఉండేది కదా, దాన్ని చూసి నేనెప్పుడూ బెదరలేదు. అది ఎందుకో తెలుసు, శీతాకాలం మాంసానికి. ఇది దేనికో ఆలోచిస్తే ముద్ద దిగదు.

మొన్న బుధవారం ఆ పదకొండు గుడ్లు ఏప్రన్‌లో వేసుకుని వంటింటి తలుపు మెల్లగా తోసుకుని వచ్చాను. నా నడక తెలుసుగా, చప్పుడుండదు. వేడ్ ఒక్కసారి వెనక్కి తిరిగాడు. తుపాకి నా మొహానికి ఎదురుగా ఉంది. దాని నోరు ఎంత చిన్నదో అప్పుడు చూశాను. గుడ్లన్నీ కింద పడ్డాయి. అతను గోడకి ఆనుకుని కూలబడి "ఆర్ఫా, ఆర్ఫా" అంటూ ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా నేనతని ఏడుపు చూడలేదు.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టాడు. నేను ఏ గుమ్మం దాటాలన్నా పాడుతూ రావాలి, నేనేనని తెలియడానికి. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని, నా ఇంట్లో నేను పాడుకుంటూ తిరుగుతున్నాను. బయటి పాటలేవీ నాకు రావు. మన ఆదివారం సభలో పాడే ఆ నెమ్మది పాటే పాడుతున్నాను. ఒక్క మాటని అంతసేపు సాగదీస్తాం కదా, బావి నుంచి వంటింటికి వచ్చేసరికి మొదటి మాట కూడా పూర్తవదు.

ఇంట్లోకి వచ్చే ప్రతి మాటా చెడ్డమాటే అయిపోయింది. ఎక్కడినుంచైనా నాలుగు మంచి మాటలు వస్తే ఎంత బాగుండును!

ఆర్ఫా


ఆగస్టు 28

ఆర్ఫా,

నీ ఉత్తరం చదువుతూ రొట్టె మాడ్చేశాను. మీ బావ ఏమీ అనకుండా మాడినదే తిన్నాడు.

ఆ తుపాకిని చెరువులో పారేయమని చెప్పు. లేదా నువ్వే వచ్చేసేయ్, నీ గది అలాగే ఉంది. ఈ రెండు మాటలూ నువ్వు వినవని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ మొండిదానివి, అందరూ వద్దన్న మనిషినే ఏరికోరి చేసుకున్నావు. ఆ మనిషి నీకోసం గోడకి ఆనుకుని ఏడ్చాడంటే చెడ్డవాడు మాత్రం కాదు.

నువ్వు రాసిన చివరి మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఒక చిన్న పని చేశాను. ఏమిటో చెప్పను. మీ ఇద్దరికీ మంచిదే. ఓపిక పట్టు.

పాట మాత్రం ఆపకు.

సలోమా


సెప్టెంబరు 12, శుక్రవారం

సలోమక్కా,

రెండు వారాలు ఆగాను. నువ్వు చేసిన మంచిపని ఏమిటో నాకింకా తెలియలేదు. ఇక్కడ మాత్రం పరిస్థితి ముదిరింది.

పోస్టు డబ్బా దగ్గరికి నన్ను వెళ్ళనివ్వడం లేదు. వేడ్ తానే వెళతాడు, తోలు చేతితొడుగులు వేసుకుని. తిరిగొచ్చేటప్పుడు చొక్కా లోపల ఏదో ఎత్తుగా ఉంటుంది. మొహంలో నెత్తురు ఉండదు. నేరుగా పెరట్లోకి పోయి చెత్త కాల్చే పీపాలో ఏదో తగలబెడతాడు. నీ ఉత్తరాలు మాత్రం చేతిరాత గుర్తుపట్టి తెచ్చిస్తాడు.

"ఏమిటవి?" అని అడిగాను.

"నువ్వు చూడాల్సినవి కావు."

"బిల్లులా?"

"బిల్లులైతే నవ్వుకుంటూ తెచ్చేవాణ్ణి. ఆర్ఫా, మనం ఇల్లు మారాలి. మారినా లాభం లేదేమో. వాళ్ళకి అన్నీ తెలిసిపోయాయి."

వెనక తలుపుకి లోపలినుంచి మేకులు కొట్టేశాడు. మిల్లుకి వెళ్ళడం మానేశాడు. పగలంతా ముందుగదిలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటాడు. బలవంతం చేస్తే రెండు ముద్దలు తింటాడు. కర్టిస్ కూడా ఆఖరి వారం ఇలాగే తిండి మానేశాడని మా అత్తగారు ఒకసారి చెప్పారు.

నాకిప్పుడు ఆ పుర్రెబొమ్మల వాళ్ళంటే అంత భయం లేదక్కా. వాళ్ళు రాకపోవచ్చు. తుపాకి, వేడ్, ఈ ఎదురుచూపు, మూడూ ఒకే గదిలో ఉన్నాయి. అదే నా భయం. నిన్న అతను స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని తీసి పిండి డబ్బాలో దాచేద్దామని చెయ్యి చాపాను. ముట్టుకోలేకపోయాను.

రాయి.

ఆర్ఫా


సెప్టెంబరు 18, గురువారం

ఆర్ఫా, ఆర్ఫా,

ఏమీ అందలేదంటావేమిటి?

నేను చేసింది ఇదీ. మన సంఘాలన్నీ చదివే పత్రికలో మీకోసం ఉత్తరాల వాన అడిగాను. మేనత్త మంచాన పడ్డప్పుడు అడిగామే, రెండు బుట్టల కార్డులు వచ్చాయే, అలాగే. ఇలా వేయించాను: "మిస్సోరీలో ఉంటున్న మా ఆర్ఫా, ఆమె భర్త వేడ్ భయంలో, ఒంటరితనంలో ఉన్నారు. వేడ్ తమ్ముణ్ణి దిగులు తీసుకుపోయింది. నాలుగు మంచి మాటలు రాయండి. దగ్గరున్నవాళ్ళు వెళ్ళి పలకరించండి." కింద మీ చిరునామా పెట్టాను. పత్రిక పదమూడు రాష్ట్రాలకి వెళుతుంది.

అతను తగలబెడుతున్నవి అవే అయ్యుంటాయి. నేను మీ ఇంటికి మంచిమాటలు పంపాననుకున్నాను. ఆ మనిషికి పదమూడు రాష్ట్రాల నుంచి శత్రువులు తన పేరు రాసి పంపుతున్నట్టుంది.

ఇంకోటి చెప్పాలి. మీకు అరవై మైళ్ళలో మనవాళ్ళ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అక్కడి ఎనస్, డెలీలా అనే ముసలి దంపతులు నాకు కార్డు రాశారు. వచ్చే మంగళవారం, ఇరవై మూడో తేదీన, వ్యాను మాట్లాడుకుని మీ ఇంటికి వస్తారట. మనవాళ్ళు తలుపు తట్టరు కదా ఆర్ఫా! వెనకవైపు నుంచి నేరుగా లోపలికి వచ్చి పిలుస్తారు!

రోడ్డు చివర మనందరికీ కలిపి ఉన్న ఫోను గదికి పరిగెత్తాను. పాత నంబరు పలకడం లేదు. కొత్తది నాకు తెలియదు. ఎనస్‌కీ వేరే ఉత్తరం రాస్తున్నాను. ఇది మంగళవారంలోగా అందాలి. అందాలి.

తప్పు నాదే.

సలోమా


సెప్టెంబరు 24, బుధవారం

సలోమక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. వాళ్ళు నిన్ననే వచ్చారు.

భయపడకు. అందరం బతికే ఉన్నాం. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

పదకొండు గంటల వేళ. నేను ఇంటి పక్కన తీగ మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. గోధుమరంగు వ్యాను ఒకటి మెల్లగా వచ్చి ఆగింది. నల్లకోటు, నల్లటోపీ, గడ్డం, పొడుగాటి మనిషి దిగాడు. చంకలో నల్లగుడ్డ చుట్టిన పొడవాటి వస్తువు. వెనక నల్లశాలువాలో ఒకామె. నాకు చూడగానే ప్రాణం లేచొచ్చింది, మనవాళ్ళు! మరుక్షణం కిటికీ లోపల వేడ్ కుర్చీ కిందపడిన చప్పుడు వినిపించింది. అతను చూసింది మనవాళ్ళని కాదు. నల్లబట్టల్లో తన ఇంటి వెనక్కి నడుస్తున్న మనిషిని.

ముసలాయన నేరుగా వెనక తలుపు దగ్గరికి పోయి తోశాడు. మేకులు కొట్టిన తలుపు కదా, రాలేదు. భుజంతో ఇంకాస్త గట్టిగా తోశాడు. లోపలినుంచి వేడ్ అరిచాడు, "ఎవడ్రా అది! కాల్చేస్తా!"

ఆయనకి చెవుడు అక్కా, ఎదురుగా మొహం చూస్తూ మాట్లాడితేనే తెలుస్తుంది. నవ్వుతూ మళ్ళీ తోశాడు.

నేను అరవబోయాను. గొంతు రాలేదు. బడిలో పేరు పిలిచినప్పుడు నోరెలా ఎండిపోయేదో అలాగే. కాళ్ళు మాత్రం కదిలాయి. తలుపుకీ ముసలాయనకీ మధ్య దూరి వీపు తలుపుకి ఆనించాను. ఏం చేయాలో తెలియక, నెల రోజులుగా ప్రతి గుమ్మం దగ్గరా ఏం చేస్తున్నానో అదే చేశాను. పాట ఎత్తుకున్నాను. మొదటి మాట సాగదీశాను. గాలిలో దీపంలా ఉంది నా గొంతు.

ముసలామె నా వైపు చూసింది. ఎందుకని అడగలేదు. ఆమెకి ఆ పాట తెలుసు కదా, అందుకుంది. తర్వాత ముసలాయన భార్య నోరు చూసి తానూ అందుకున్నాడు. ముగ్గురం ఆ మేకుల తలుపు ముందు నిలబడి ఆదివారం సభలోలా పాడుతున్నాం. నా వీపు వెనక చెక్క, చెక్క వెనక తుపాకి.

ఎంతసేపో తెలియదు. ముందు తలుపు గడియ తీసిన చప్పుడైంది. వేడ్ ఇల్లు చుట్టి వచ్చాడు. తుపాకి చేతిలోనే ఉంది, నేల వైపు వేలాడుతోంది. ముఖం సున్నంలా ఉంది.

"ముగ్గురు ఆర్ఫాలు పాడుతున్నారనుకున్నాను. పిచ్చెక్కిందనుకున్నాను" అన్నాడు.

ముసలాయన గుమ్మం అంచున బయటికి పొడుచుకొచ్చిన మేకు మొనల వైపు చూపించి, "నాయనా, ఇవి కొట్టిందెవరు? అన్నీ వంకరగా కొట్టాడు!" అన్నాడు.

డెలీలా అవ్వ వ్యాను దగ్గరికి పోయి పెద్ద గిన్నె తెచ్చింది. కోడి సూపు, అంచు దాకా, పొగలు కక్కుతోంది. వేడ్ ముందు నిలబడి చేతులు చాపింది. "పట్టుకోవయ్యా, చేతులు కాలుతున్నాయి."

వేడ్ ఒక చేయి చాపాడు.

"ఒంటి చేత్తో పడుతుందా ఇది? ఆ ఇనుపముక్క ఎక్కడైనా పెట్టు. ముసలిదాన్ని ఎంతసేపు నిలబెడతావు?"

అతను తుపాకిని కిటికీ గట్టు మీద పెట్టాడు. రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. సూపు ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి నడిచాడు. చుట్టిన గుడ్డలో ఉన్నది చీపురు అక్కా. ఎనస్ తాత చీపుర్లు కడతాడట.

తింటూ అవ్వ అడిగింది, "మా కార్డు అందిందా?" వేడ్ చెంచా ఆగిపోయింది. లేచి పాకలోకి వెళ్ళి బకెట్టు తెచ్చాడు, నిండా కవర్లు. మొదట ఒక్కటే విప్పి చదివాడట. అందులో ఏముందో అతనికి కంఠతా వచ్చు: "మీరెక్కడ ఉంటారో మాకు తెలిసింది. ప్రతి సాయంత్రం మీ పేర్లు తలుచుకుంటున్నాం." ఆ తర్వాత ఒక్కటీ విప్పలేదు. కొన్ని కాల్చాడు, మిగిలినవి పోలీసులకి చూపిద్దామని దాచాడు.

"అది రాసింది నేనే!" అంది అవ్వ. "ఏం, నా రాత బాగాలేదా?"

వేడ్ నవ్వాడు. నవ్వు సగంలో తిరిగి ఏడుపైపోయింది. అవ్వ చేతికందిన కార్డు విప్పి చదివింది. ఇండియానా నుంచి ఒక తల్లి రాసింది. "మా పెద్దవాడు కూడా తనంతట తానే వెళ్ళిపోయాడు. ఒక్క గంట ఆగి ఉంటే అని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను. మీ తమ్ముడికి తినడానికి ఏమిష్టం? మావాడికి వేయించిన ఆపిల్ ముక్కలు."

వేడ్ ఆ కార్డు తీసుకుని తానే మళ్ళీ చదివాడు. "మూడు వందల మంది జవాబిచ్చారు. వాడికి ఏమిష్టమని ఒక్కడూ అడగలేదు" అన్నాడు.

వాళ్ళు బయల్దేరుతుంటే తుపాకిలోంచి గుళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు. ఖాళీ తుపాకిని మేజోడులో చుట్టి తీసుకొచ్చాడు. "తాతా, ఇది మీ ఇంట్లో మూడు రోజులు ఉంచుతారా?"

ఎనస్ తాత అన్నాడు, "మా ఇంట్లో జింకల తుపాకి ఉంది. మనుషుల మీదికి ఎత్తే ఇలాంటిది ఎప్పుడూ లేదు. సంఘం వింటే నన్ను నిలబెట్టి అడుగుతుంది."

"అయితే వద్దులెండి."

"వద్దనలేదే! నాకు ఇనుమంటే భయం లేదు అబ్బాయ్. ఎదురుచూస్తూ కూర్చున్న మనిషంటే భయం. ఇటివ్వు. శుక్రవారం నువ్వే రా. మా ఇంట్లో భోంచెయ్యి. అప్పటికీ కావాలంటే అడుగు, ఇస్తాను. లేదని అబద్ధమాడను."

అవ్వ దాన్ని గుడ్ల బుట్టలో అడుగున పెట్టి పైన గుడ్డ కప్పింది.

ఇవాళ బుధవారం. కర్టిస్ పోయింది కూడా బుధవారమే. పొద్దున్నుంచి వేడ్ వెంటే తిరుగుతున్నాను, పాలు పితికినా, కట్టెలు కొట్టినా. రెండుసార్లు అతని చేయి నడుము దగ్గరికి పోయింది, ఏమీ లేక తిరిగొచ్చింది. ఇండియానా తల్లికి జవాబు రాస్తున్నాడు. పొద్దున మొదలుపెట్టాడు, ఇంకా రాస్తూనే ఉన్నాడు.

తప్పు నీదని మళ్ళీ రాయకు.

ఆర్ఫా


సెప్టెంబరు 26, శుక్రవారం

సలోమక్కా,

రెండు మాటలే. వేడ్ బయట బండి తీస్తున్నాడు.

ఫోనులో రాత్రి మళ్ళీ ఎవడో రాశాడట, "డబ్బాకి బూడిదరంగు వేస్తే కనిపించదనుకున్నావా" అని. కాబట్టి వాడెవడో ఉన్నాడు. నిజంగానే ఉన్నాడు. నా భయం ఉత్తిది కాదు, వేడ్‌దీ కాదు.

వెనక తలుపు మేకులు పొద్దున ఊడబీకాడు. "ఎందుకు?" అన్నాను. "ముసలాయన మళ్ళీ వస్తే ఎటునుంచి వస్తాడు?" అన్నాడు. ఇంకో మాట అడిగాను, నా జన్మలో మొదటిసారి గట్టిగా. "తుపాకి అడుగుతావా?" అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "తెలియదు ఆర్ఫా. శుక్రవారం దాకా వచ్చాను. అదే చాలా దూరం" అన్నాడు.

అవ్వ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. కర్టిస్‌కి చిక్కుడు గింజల కూర ఇష్టమట, ఆ ఉత్తరంలో రాస్తుంటే చూశాను. అదే వండి నింపాను. అరవై మైళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెళతాను.

తిరిగొచ్చేటప్పుడు నా ఒళ్ళో ఏముంటుందో తెలియదు.

ఆర్ఫా